కిటికీకి ఇవతలి ఇందూరు

ఇందూరు సీమ ముచ్చట్లు – 9వ భాగం

నవీపేట్ స్టేషన్‌లో టికెట్లిచ్చే కిటికీ, నాకు గుర్తున్నంతలో, గోడకు పెట్టిన ఒక బిలం. లోపల మసక వెలుతురు, ఒక చెయ్యి, ఒక గొంతు. మా నాయనమ్మ కొంగుముడి విప్పి, చిల్లర రెండుసార్లు లెక్కబెట్టి, ఆ బిలంలోకి తోసి "బాసరకు ఒకటిన్నర" అనేది. ఆ సగం టికెట్టు నేను. లోపలి గొంతు ఉర్దూలో ఏదో అడిగేది. ఆమెకు అర్థమయ్యేది కాదు. అయినా ప్రతిసారీ "ఔ సాబ్" అనేది. అట్టముక్క టికెట్టు చేతిలో పడ్డాక చదవను రాకపోయినా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మళ్లీ కొంగుకే ముడేసేది.

పులినైనా ఎదిరించే మనిషని ఊళ్లో ఆమెకు పేరు. అటువంటిది కిటికీ ముందర నిలబడితే గొంతు సన్నగిల్లేది. ఎందుకో నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

గత వారం ఊరి పేరు దగ్గర ఆగాం. 1905లో జిల్లాలను కొత్తగా కూర్చినప్పుడు ఇందూరు కాస్తా నిజామాబాద్ అయింది. పేరు మారడానికి కాస్త ముందూ, మారిన తర్వాత యాభై ఏళ్లలోనూ ఈ సీమకు ఏమేం వచ్చాయి, అవి ఎవరికి అందాయి అన్నది ఈ వారం ముచ్చట. రైలు, తపాలా, దవాఖాన, కాలువ, కార్ఖానా అన్నీ వచ్చాయి. ప్రతిదానికీ ఒక కిటికీ వచ్చింది.

ముందుగా ఒక పేచీ తేల్చుకోవాలి. ఇందూరును వలస నగరం అనవచ్చునా? ఇక్కడ తెల్లదొర కలెక్టరు లేడు, అవ్వల్ తాలూక్‌దార్ ఉన్నాడు. కచేరీ భాష ఇంగ్లీషు కాదు, ఉర్దూ. నాణెం మీద ఉన్నది ఇంగ్లండు రాజు బొమ్మ కాదు, చార్మినార్. అందుకని మనది బ్రిటిష్ వలస కానేకాదని వాదించేవాళ్లున్నారు. కానీ మన ఊళ్ల మీదుగా రైలు నడిపిన నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది 1883లో, లండన్‌లో. ఆ పేరులోని 'గ్యారంటీ' ఏమిటంటే, పెట్టుబడి పెట్టిన లండన్ షావుకార్లకు వడ్డీ పూచీ నిజాం ఖజానాది. అంటే మన రైతు కట్టిన శిస్తుది. 1930లో నిజాం సర్కారు కొనుక్కునేదాకా రైల్వే ఆ కంపెనీ చేతిలోనే ఉంది. గద్దె మీద నవాబు, హైదరాబాద్ కోఠీలో రెసిడెంటు, లండన్‌లో కంపెనీ. మా నాయనమ్మ నిలబడ్డ కిటికీ వెనక ఇన్ని గదులున్నాయి. నా మటుకు నాకు ఇది వలసే. కాకపోతే రెండు అంతస్తుల వలస.

పొగబండి

హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలు మార్గం 1900కు కొంచెం అటూ ఇటూగా పూర్తయింది. మీటర్‌గేజ్, సుమారు 390 మైళ్లు. డిచ్‌పల్లి, నిజామాబాద్, జానకంపేట్, నవీపేట్, ఫకీరాబాద్, బాసర, ధర్మాబాద్. ఈ వరస మా చిన్నప్పుడు పిల్లలకు ఎక్కాలకంటే ముందు వచ్చేది. బాసర దగ్గర గోదావరి మీద వంతెన. బండి దాని మీదికెక్కగానే ఆడవాళ్లు కిటికీలోంచి పైసలు విసిరి దండం పెట్టేవారు.

రైలుకు ముందు బాసరకు ఎడ్లబండి కట్టాలి. గోదావరి నిండుగా ఉంటే పడవ కోసం పడిగాపులు కాయాలి. బాసర గుడిలో అక్షరాభ్యాసం ముహూర్తం తప్పితే మళ్లీ పంతులు దగ్గరికి పోవాలి. పొగబండి వచ్చాక పొద్దున పోయి పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం మొదలైంది. అంతవరకు పొద్దును బట్టి, కోడికూతను బట్టి నడిచిన ఊళ్లు స్టేషన్‌లో వేలాడేసిన పట్టాముక్క మీద కొట్టే గంటతో నడవసాగాయి. "మన్మాడ్ బండి పోయింది, ఇగ అన్నాలు తినుండ్రి" అనే మాట మా ఇంట్లో నేను విన్నదే.

ఇక సరుకు. పత్తి, నువ్వులు, పసుపు పోయేవి. బట్ట, కిరసనాయిలు, ఇనుము వచ్చేవి. రాజ్యం పొలిమేర దాటే సరుకు మీద సుంకం వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. ఈ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కోట్లు వసూలు చేసేవాడు కరోడ్‌గిరి, అతని ముందర నాలుగు మూటలు పెట్టుకొని నిలబడ్డవాడు మన కోమటి సావుకారు.

పైసల సంగతి ఇంకో చిక్కు. మన రూపాయి హాలీ సిక్కా, ఇంగ్రేజు రూపాయి కల్దార్. 100 కల్దార్ రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు. చదువుకున్నవాళ్లకే తల తిరిగే లెక్క ఇది. మన్మాడ్, బొంబాయి వైపు నుంచి వచ్చే వ్యాపారి కల్దార్‌లో మాట్లాడతాడు, సంతలో రైతు హాలీలో వింటాడు. మధ్యలో షరాబు కూర్చొని వట్టం తీసుకుంటాడు. నవీపేట్ శనివారం సంతకు మేకలు, గొర్రెలు తోలుకొచ్చేవాళ్లు ఇప్పటికీ మూడు భాషల్లో బేరమాడతారు. మాట తెలుగు, లెక్క మరాఠీ, ఒట్టు ఉర్దూ. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని ముక్కలు చేసి నాందేడ్‌ను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. మేకలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అర్జీ నవీస్

ఇప్పుడు తహసీల్ కచేరీకి పోదాం. గోడకు ఇవతల చెట్టు కింద చాప, చాప మీద చిన్న డెస్కు, దాని వెనక ఒక పెద్దమనిషి. కలం చెక్కుకుంటూ ఉంటాడు. ఈయన అర్జీ నవీస్, అర్జీలు రాసిపెట్టడం ఈయన వృత్తి. లోపలి కిటికీకి తెలుగు రాదు, బయటి రైతుకు ఉర్దూ రాదు. ఇద్దరి నడుమ ఈయన. ఒక రైతు వచ్చి చెట్టు కింద కూలబడ్డాడనుకోండి.

"సాబ్, పటేలు మా చెల్క తన పేర ఎక్కిచ్చుకున్నడు. రాయి సాబ్."

నవీస్ రాస్తాడు. రైతు చెప్పింది రెండు ముక్కలు, కాగితం మీద వచ్చింది ఇరవై వరసలు.

"ఇంత రాసినవ్, ఏం రాసినవ్ సాబ్?"

"నువ్ చెప్పిందే రాసిన."

ఇది నా ఊహే గానీ, ఇటువంటి సంభాషణ ఎన్ని వేల సార్లు జరిగి ఉంటుందో. ఆ రైతు తన గోడు తాను చదువుకోలేడు. కింద వేలిముద్ర వేస్తాడు. పైన తారీఖు కూడా అతనిది కాదు. అతని లెక్క ఉగాది, శ్రావణం, దసరా. కాగితం లెక్క ఫసలీ. ఆజూర్, దై, బహమన్ అంటూ మొదలయ్యే నెలలు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. 1346 ఫసలీ అంటే 1936 అక్టోబరు నుంచి నడిచిన ఏడాది.

మన భూమి కాగితాల్లో ఇవాళ్టికీ ఆ నవీస్ చెయ్యి కనిపిస్తుంది. పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ, జమాబందీ, పంచనామా. తెలంగాణ రైతు నోట తెలుగు మాటలంత సహజంగా వస్తాయివి. అర్థం అడిగితే మాత్రం నూటికి తొంభై మంది చెప్పలేరు.

తపాలా కిటికీ కొంత నయం. నిజాం రాజ్యానికి సొంత తపాలా, సొంత బిళ్లలు. బిళ్ల మీద విలువ ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ నాలుగు లిపుల్లోనూ అచ్చయ్యేది. సర్కారు తన ప్రజలకు నాలుగు భాషలున్నాయని ఒప్పుకున్నది అంగుళం కాగితం మీదే అని నాకు అనిపిస్తుంది. ఆ బిళ్లకైనా రాజ్యం పొలిమేర దాకే చెలామణి. గుంటూరుకో బెజవాడకో రాయాలంటే ఇంగ్రేజు బిళ్ల కావాలి. 1950 ఏప్రిల్ 1న మన తపాలా భారత తపాలాలో కలిసిపోయాక ఆ బాధ తీరింది.

పెద్దరోగం, డిచ్‌పల్లి

ఈ కిటికీల కథలో నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలనుకునే చోటు ఒకటుంది.

కుష్ఠును మనవాళ్లు పెద్దరోగం అనేవారు. పేరు పెట్టి పిలిస్తే ఇంటికొస్తుందని భయం. మచ్చ కనిపించిందంటే ఊరు బయట గుడిసె, గుడిసె ముందు మూకుడు. పొద్దున ఎవరో అంబలి పోసి పోతారు. పోయకపోతే అడిగే హక్కు లేదు. గత్తర వస్తే ఊరంతా బోనమెత్తుతుంది, మశూచి వస్తే అమ్మవారికి వేపమండలు కడుతుంది. పెద్దరోగానికి మాత్రం ఏ దేవతా లేదు, ఏ జాతరా లేదు. సర్కారు దవాఖాన ఉన్నా ఈ రోగానికి అందులో చోటులేదు.

స్కాట్లండ్‌లో 1875లో పుట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో ఈ దేశం వచ్చింది. వెస్లియన్ మిషన్ వాళ్లు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుండగా దవాఖాన గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక బయటే కూర్చునే మనుషులు ఆమె కంట్లో పడ్డారు. వాళ్ల కోసం చిన్న ఏర్పాటు చేస్తే, నెలలు తిరగకుండానే జాగా చాలకుండా పోయింది. అప్పుడు ముందుకొచ్చినవాడు రాజా నర్సాగౌడ్. ఇందూరు సీమ మనిషి, ధనవంతుడు, హిందువు. మిషనరీ దొరసాని కట్టే దవాఖానకు ఆయన పెద్ద మొత్తం ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా ఆసుపత్రి లేచింది.

పేరు చూడండి. నిజాం రాజ్యంలో, గౌడుగారి సొమ్ముతో, స్కాట్లండ్ డాక్టరమ్మ నడిపిన దవాఖానకు ఇంగ్లండు రాణి పేరు. రెండు అంతస్తుల వలస అన్నాను కదా, ఆ గుమ్మం మీద రెండూ ఒక్కచోటే చదువుకోవచ్చు.

అప్పట్లో ఈ రోగానికి మందంటే చాల్‌ముగ్ర జాతి గింజల నూనె. తాగితే కడుపులో తిప్పుతుంది, వాంతి. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరిచాక డిచ్‌పల్లిలోనూ అదే మొదలుపెట్టారు. సూది గుచ్చినచోట వాపు, మంట. అయినా వారం వారం వరసలో నిలబడేవారు. ఊరు బయటి గుడిసెలో చావు కోసం ఎదురుచూసే మనిషికి, "వచ్చే వారం మళ్లా రా" అని ఒకరు చెప్పడమే మందులో సగం అయి ఉంటుంది. లక్షణాలు తగ్గినవాళ్లను ఇళ్లకు కూడా పంపారు. ఊరు వాళ్లను ఎట్లా చూసిందన్నది వేరే కథ. 1923లో ఇసబెల్‌కు కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె ఇక్కడే పని చేస్తూ కన్నుమూసింది.

మిషన్ వాళ్ల ఉద్దేశాల మీద నాకు అనుమానాలు లేకపోలేదు. రోగిని ఓదార్చిన నోటితోనే మతం కూడా చెప్పారు. అయినా ఈ సీమలో కిటికీ తలుపు తీసి బయటికొచ్చి, వరసలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకున్న ఉద్యోగం నాకు ఇదొక్కటే కనిపించింది.

నీరటికాడు, లష్కర్

మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం. 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలని లెక్క. ఆయన పేరు మీదనే మన అలీసాగర్. నిజామాబాద్ పట్నం తాగిన నీళ్లు చాలా ఏళ్లు ఆ చెరువువే.

కాలువ రాకముందు ఊళ్లో నీళ్ల పెత్తనం నీరటికాడిది. చెరువు తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నది అతని పని. జీతం లేదు, కల్లంలో గింజలే. అన్యాయం చేస్తే కల్లం దగ్గర అందరి ముందూ తిట్లు తినేవాడు. పంట చేతికొచ్చాక నీరటికాడికి పెట్టే గింజల్లో తాలు ఎక్కువుంటే ఆ ఏడాది అతని మీద ఊరికి కోపమున్నట్టు లెక్క.

కాలువతోపాటు లష్కర్ వచ్చాడు. సర్కారు మనిషి, నెల జీతం, చేతిలో గేటు తాళం. ఇతనికి తాలు పెట్టి లాభం లేదు. కింది మడికి నీళ్లు అందలేదంటే నీరటికాడి ఇంటికి పోవచ్చు, లష్కర్ గురించి చెప్పాలంటే మళ్లీ చెట్టు కింద అర్జీ నవీస్ దగ్గరికి పోవాలి. నీళ్లు పెరిగాయి. నీళ్లకు రైతుకు నడుమ దూరం కూడా పెరిగింది.

ఆ కాలువ వెంట కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు దిగారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు. డేరాలు వేసుకొని ఉన్న చోట్లే ఊళ్లయ్యాయి. అందుకే బోధన్, వర్ని వైపు ఇప్పటికీ 'క్యాంప్' అన్న తోకతో ఊళ్లున్నాయి. మన రైతు మెట్టచేను నాడి తెలిసినవాడు, వాళ్లు మాగాణి చేసి పండినవాళ్లు. కాలువ ఫలం ముందు అందుకున్నది వాళ్లేనని మన పెద్దల గొణుగుడు. అందులో నిజముంది. క్యాంపుల పక్క పొలాల్లో మనవాళ్లు చెరుకు, దమ్ము నేర్చుకున్నారన్నదీ నిజమే. దీని మీద తగవు ఇంకా తెగలేదు, ఈ వ్యాసంతో తెగేదీ కాదు.

ఇక ఆ కాలువకు నీళ్లిచ్చిన నిజాంసాగర్‌లో పూడిక చాలా పేరుకుంది. పైన సింగూరు కట్టాక మంజీర నీళ్లు హైదరాబాద్ నల్లాలకు మళ్లాయి. ఇప్పుడు మా నవీపేట్ మండలంలో కోస్లీ దగ్గర గోదావరి నీళ్లను మోటార్లతో ఎత్తి అలీసాగర్ ఎత్తిపోతల పథకంగా పారిస్తున్నారు. దిగువకు పారే నీళ్ల కోసం కట్టిన చెరువు పేరును, ఎగువకు తోడే మోటార్లకు పెట్టాం.

షక్కర్‌నగర్

కాలువ ఉంది, చెరుకుంది, రైలుంది. ఇక మిగిలింది కార్ఖానా. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో బోధన్ దగ్గర ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు. జానకంపేట్ నుంచి బోధన్‌కు రైలు కొమ్మ కూడా ఆ కాలంలోనిదే. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన ఊరికి షక్కర్‌నగర్ అని పేరు. తీపి పేరున్న ఊరు ఇంకెక్కడైనా ఉందో లేదో.

గానుగ సీజన్‌లో బోధన్ దారి మీద ఎడ్లబండ్ల బారు. ఒక్కో బండి ఒకటి రెండు రోజులు కాంటా కోసం ఆగేది. రైతు బండి కిందనే పడుకునేవాడు, ఎడ్లు తన చెరుకు ఆకే తినేవి. ఆగేకొద్దీ చెరుకు ఎండుతుంది, ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది. కాంటా గది కిటికీ ముందుకొచ్చేసరికి అతని చూపంతా లోపలి ముల్లు మీద. చీటీ ఇస్తే దాన్ని మా నాయనమ్మ లాగే తిప్పి తిప్పి చూసేవాడు.

ఫ్యాక్టరీ కంచె లోపల క్వార్టర్లు, బడి, దవాఖాన, క్లబ్బు. అక్కడ కరెంటు దీపాలు వెలిగే రాత్రుల్లో చుట్టుపక్కల ఊళ్లలో కందిళ్లు. కంచె లోపల పుట్టిన పిల్లవాడికీ, బయట చెరుకు నరికేవాడి పిల్లవాడికీ సైరన్ మాత్రం ఒక్కటే వినిపించేది. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబరులో గానుగ ఆగింది. సైరన్ ఆగిపోయాక కూడా కొన్నాళ్లు ఆ వేళకు చెయ్యి గడియారం వైపు పోయేదని షక్కర్‌నగర్ వాళ్లు చెబుతారు.

వెట్టి

ఇంతవరకు చెప్పిన సౌకర్యాలన్నిటి అడుగునా ఒకటుంది. తహసీల్దారు దౌరాకొస్తే ఆయన సామాను మోసిందెవరు? నీళ్లు తోడి, కట్టెలు కొట్టి, బట్టలు ఉతికి, గుర్రానికి గడ్డి కోసిందెవరు? చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, బేగరి. కూలి లేదు. కోళ్లు, నెయ్యి, కూరగాయలు కూడా ఊరివే. ప్రజల సేవకని వచ్చిన అధికారికి ప్రజలే సేవ చేసేవారు. ఈ వెట్టి మీద 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం, అందులోని మాడపాటి హనుమంతరావు కరపత్రాలు, అర్జీలు రాశారు. అర్జీ రాయాల్సింది మళ్లీ ఆ సర్కారుకే.

1937లోనే, బోధన్‌లో ఫ్యాక్టరీ లేచిన ఏడాదే, నిజామాబాద్‌లో ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు మందుముల నరసింగరావు. కచేరీ గోడకు ఇవతల, చెట్టు కింద ఒంటరిగా చెప్పుకున్న గోడును ఆ పందిట్లో నలుగురి ముందు తెలుగులో చెప్పుకున్నారు.

మొన్న ఒక మండల ఆఫీసుకు భూమి పని మీద పోయిన మా బంధువు వెంట నేనూ వెళ్లాను. కిటికీ వెనక కుర్రవాడు కంప్యూటర్ చూసి "పాత కాగితం ఉందా పెద్దయ్యా?" అన్నాడు. ఉంది. పసుపురంగు తిరిగిన ఉర్దూ కాగితం, మడతల దగ్గర చిరుగులు. కుర్రవాడికి ఉర్దూ రాదు, మా బంధువుకూ రాదు. "బయట హోటల్ దగ్గర రిటైరైన సారొకాయన ఉంటడు, చదివి చెప్తడు" అని తోవ చూపాడు. ఆ సారు చాయ్ గ్లాసు పక్కకు జరిపి, కళ్లద్దాలు పైకి తోసి, కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, వేళ్ల మీద 590 కలపడం మొదలుపెట్టాడు.

(వచ్చే వారం: ఖిల్లా జైలు గోడ, దాశరథి చేతి బొగ్గు ముక్క)